ఖిల్లా చిచ్చా పిట్టలు

పక్కింటి కాలేజీ సారు జంతువుల పాఠాలు చెబుతాడు. మొన్న సాయంత్రం పేపరు అడిగి తెచ్చుకుందామని వాళ్లింటికి వెళితే, ముందు గదిలో బల్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి తెరిచి ఉంది. పేజీ నిండా ఒక గబ్బిలం ముఖం. ముక్కు మీద ఆకు అతికించినట్టు చర్మం మడతలు, ముఖానికి మించిన చెవులు, గసగసాలంత కళ్లు. నేను ఆ బొమ్మ చూసి చెయ్యెత్తి "సలాం చిచ్చా" అన్నాను. అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. సారు నన్ను ఒకసారి, పుస్తకాన్ని ఒకసారి చూసి, ఇంట్లోవాళ్లను మంచినీళ్లు తెమ్మన్నాడు. అప్పటి నుంచి నాగర్‌కర్నూల్లో ఆ ఇంటివాళ్లు నన్ను కాస్త జాగ్రత్తగా పలకరిస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు మతి బాగానే ఉంది. ఆ బొమ్మ నిజంగానే ఆయనలా ఉంది.

ఖిల్లా ఘణపురం బడికి నన్ను పంతులుగా వేసినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఊరి మీద కొండ, కొండ మీద ఖిల్లా, ఖిల్లాలో ఆయన. ఆయనకు పేరు ఉండే ఉంటుంది. కానీ హిందువులూ సాయిబులూ అందరూ ఖిల్లా చిచ్చా, అంటే ఖిల్లా బాబాయి, అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను, పేరు అడగాలని ఎప్పుడూ తోచలేదు. చివరి రోజుల్లో తిమ్మాజిపేట దగ్గర ఎవరి వసారాలోనో ఉండేవాడని, అక్కడే పోయాడని చాలా ఏళ్ల తరువాత విన్నాను. చెప్పినవాడికి కూడా పేరు తెలియదు.

చిన్నప్పుడు కంచరగాడిద తన్ని ఆయన ముక్కు లోపలికి పోయింది. మానేటప్పుడు చర్మం ఇష్టం వచ్చినట్టు మడతలు పడి మానింది. చెవులు మాత్రం పుట్టుకతో వచ్చినవే. ఎండకు అడ్డంగా నిలబడితే వాటిలోంచి వెలుతురు ఎర్రగా కనపడేది. కొండ కింద చింతచెట్ల దగ్గర మనం మాట్లాడుకున్నది పైన ఆయనకు వినపడేదని ఊళ్లో చెప్పుకునేవారు. నేను ఒకసారి కింద నిలబడి ఆయన్ను మెల్లగా తిట్టి చూశాను. మర్నాడు ఆయన నన్ను చూసి, పెద్దోళ్లను గట్ల అనొద్దు పంతులూ, అన్నాడు. ఊహించి అన్నాడో, విని అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన నౌకరీ తాత ముత్తాతల నాటిది. కొండ గుహ ఒకదానికి ముందు గోడ కట్టి తలుపు పెట్టారు, పైన ఒక గవాక్షం వదిలారు. అది మందుగుండు కొట్టు. దాన్ని కాపలా కాయడం ఆయన పని. అందులో మందుగుండు ఆయన పుట్టకముందే అయిపోయింది. కానీ కొట్టుకు ఉన్న నియమాలు అయిపోలేదు. లోపలికి ఎవరు వెళ్లినా చెప్పులు విప్పాలి, అగ్గిపెట్టె, బీడీలు, తాళంచెవులు, ఇనుము ఏదైనా సరే బయట తట్టలో పెట్టాలి. దీపం ఊసెత్తకూడదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా కలం పాళీ కూడా ఇనుమేనని తీసుకుని తట్టలో పెట్టాడు. లోపల మందుగుండే లేదు కదా చిచ్చా అంటే, ఉంటేనే పాటించేది కాయిదా ఎట్లయితది అని నన్నే అడిగాడు.

గుహ ముందు భాగంలో ఆయన మంచం, ఒక రేకు పెట్టె, నీళ్ల కుండ, నమాజు చాప. నలభై ఏళ్లుగా అదే ఇల్లు. పెళ్లాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. వెనక భాగంలో గబ్బిలాలు.

గబ్బిలాలు అని ఆయన ముందు అనకూడదు. "నా పిట్టలు" అనేవాడు. మొదటిరోజు తలుపు దగ్గర నేను ఏదో గట్టిగా మాట్లాడుతుంటే పెదాల మీద వేలు పెట్టి, జర నిమ్మళంగ, పండుకున్నరు, అన్నాడు. నేను లోపల వాళ్ల ఆడవాళ్లు ఉన్నారనుకుని సిగ్గుపడి నాలుగు మెట్లు వెనక్కి దిగాను. ఆయన నన్ను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి గొడుగు విప్పాడు. ఎండాకాలం, కప్పు కింద, గొడుగు. ఎందుకో రెండడుగులు వేశాక టపటపమని గొడుగు మీద పడుతున్న చప్పుడుకు అర్థమైంది.

దీపం లేదు కనుక ఆయన చూపించే పద్ధతి వేరు. తలుపు దగ్గర ఒక కళాయి వేసిన రాగి పళ్లెం పెట్టుకునేవాడు. మధ్యాహ్నం ఎండను దానిమీద పట్టి గుహ లోపలికి పడేసేవాడు. ఎండ తిన్నగా వాటి మీద వేయడు, పక్క గోడ మీద వేస్తాడు, ఆ వెలుగు వాటికి సరిపోతుందనేవాడు. మొదట రాయే కనపడింది. తరువాత రాయి నిండా వేలెడంత వేలెడంత మూటలు. బూడిద రంగువి కొన్ని, ఇటుక రంగువి కొన్ని. ఒకదానికొకటి తగలకుండా జానెడు జానెడు దూరంలో వేలాడుతున్నాయి. వెలుగు పడగానే ముందు చెవులు కదిలాయి, తరువాత తలలు ఇటు తిరిగాయి, అన్నీ కలిసి మా ఇద్దరిని చూశాయి. ముక్కు మీద ఆకు, దానికి రెండు పక్కలా మూడు మూడు చిన్న మడతలు. నేను వాటిని చూశాను, ఆయన్ను చూశాను, మర్యాదకు నేలను చూశాను.

"సమజైందా?" అన్నాడు ఆయన. "అందుకనే నన్ను పరాయోడు అనుకోరు."

వాటిని గురించి ఆయనకు తెలియనిది లేదు. పగలంతా నిద్ర, పొద్దుగూకి కింద ఊళ్లో మగ్రిబ్ అజాను వినపడితే లేవడం, ఆయన దినచర్య కూడా అదే. అవి ఎంత ఎత్తులో ఎగురుతాయి అంటే మొలలోతు అని చెయ్యి పెట్టి చూపించేవాడు. గొప్పలకు పోయి ఆకాశంలోకి పోవు, పొదల పక్కన, గోడల పక్కన మెల్లగా తిరిగి దోమలు, ఉసిళ్లు, పురుగులు తిని వస్తాయి. చెరువు మీద ఎగురుతూనే నీళ్లు తాగుతాయి. జామతోటల్లో పడి పళ్లు కొరికేవి వేరే పెద్ద జాతి, అవి చెట్లకు వేలాడుతాయి, వాటి ప్రస్తావన వస్తే ఆయన ముఖం చిట్లించేవాడు, మంచి ఇంటివాళ్లు తాగుబోతు చుట్టాల ప్రస్తావన వస్తే చిట్లించినట్టు. వీటి పుట్టుక గురించి మాత్రం గొంతు తగ్గించి చెప్పేవాడు. పిట్టలన్నింటినీ అల్లా చేశాడు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఈసా పైగంబర్, అంటే యేసు, తన చేతులతో మట్టి పిసికి చేశాడు, అల్లా ఊపిరి పోశాడు. అందుకే పిట్టలకు లేనివన్నీ దీనికి ఉన్నాయి, చెవులు, పళ్లు, చనుబాలు.

ఆ మనిషంటే నాకు ఇష్టం. ఆ ఊళ్లో బడి వదిలాక వెళ్లడానికి నాకు మరో చోటు లేదు కూడా. రెండేళ్లు దాదాపు ప్రతి సాయంత్రం కొండెక్కాను. ఆయన పెట్టిన పల్చటి చాయ్ తాగి, గవాక్షంలోంచి ఒకటొకటిగా బయటికి వచ్చే గబ్బిలాలకు ఆయనతో పాటు నేనూ సలాం పెట్టాను. బడి పిల్లలు ఇది ఎక్కడ చూశారోగానీ, నేను తరగతిలోకి రాగానే రెండు చేతులూ చెవుల పక్కన పెట్టి ఆడించేవారు.

ఇంతలో ప్రపంచ యుద్ధం రోజులు వచ్చాయి. రైతుల దగ్గర సర్కారు బలవంతంగా కొనే లెవీ ధాన్యం దాచడానికి చోటు కావాలి. తహసీలు కచేరీలో ఎవరో పాత పటం తీసి చూస్తే ఖిల్లా మీద కొట్టు ఒకటి కనపడింది. రాతి గోడలు, గట్టి తలుపు, ఒకటే గవాక్షం, బ్రహ్మాండమైన చోటు. అది మూడొందల మెట్ల పైన ఉందన్న సంగతి పటంలో లేదు. బస్తాలు ఎవరు మోస్తారని ఎవరూ అడగలేదు. నోటీసు మాత్రం వచ్చింది.

నోటీసు తెచ్చిన కచేరీ జవాను మంచి లావు మనిషి. పైకి వచ్చేసరికి మాట రాక కాగితం నా చేతిలో పెట్టి కూలబడ్డాడు. చదివాను. కొట్టులో ఉంటున్నవారు ఎనిమిది రోజుల్లో ఖాళీ చేయాలి. ఆపైన లోపల మిరపకాయల పొగ పెట్టి, పురుగు పుట్రా లేకుండా చేసి, గవాక్షం మూసి, తాళం వేస్తారు. ఉంటున్నవారు నోటీసు అందినట్టు సంతకమో వేలిముద్రో పెట్టాలి.

నోటీసు నీకే చిచ్చా, నువ్వే కదా ఇక్కడ ఉంటున్నది, అన్నాను.

"నేనా?" అన్నాడు నావైపు జాలిగా చూసి. "నేను నౌకర్ని పంతులూ. ఉంటున్నది వాళ్లు."

వాళ్లు అన్నప్పుడు వేలు వెనక గుహవైపు చూపించాడు. నేను రెండుసార్లు చెప్పి చూశాను. ఆయన వినిపించుకోలేదు. జవానుకు మాత్రం సంతకం కావాలి, లేకపోతే కచేరీలో వాడి మీద పడతారు. ఎవరో లోపల ఉన్నారంటే ఉన్నారని నమ్మాడు. చెప్పులు విప్పి, నడుం పటకాకున్న బిళ్ల ఊడదీసి తట్టలో పెట్టి, గొడుగు పట్టుకుని, నోటీసు గుండెకు ఆనించుకుని లోపలికి వెళ్లాడు. వచ్చినప్పుడు గొడుగు లేదు. ఎవరూ సంతకం పెట్టేటట్టు లేరు, తలలు కిందికి పెట్టుకుని ఉన్నారు, అన్నాడు. అలాంటప్పుడు నోటీసు గోడకు అంటించి ఇద్దరు సాక్షులతో పంచనామా రాయించాలని పద్ధతి. గోడకు అంటించాము. నేనొక సాక్షిని, చిచ్చా ఒక సాక్షి.

ఇదంతా నవ్వులాటగానే ఉంది, జవాను దిగిపోయేదాకా. వాడు దిగిపోయాక చిచ్చా తలుపు దగ్గర కూర్చుండిపోయాడు. ఎప్పుడూ కదులుతుండే మనిషి కదలకుండా కూర్చుంటే నాకు భయం వేసింది. తరువాత చెప్పాడు. అవి ఈనే కాలం అది. వారం రోజులుగా ఒక్కొక్కటీ పిల్ల పెడుతోంది. కొండ వెనక రాతి చీలిక ఒకటి ఉంది, గాలివానలప్పుడు అవి అందులోకి పోతాయి, పెద్దవాటికి వచ్చిన కష్టం లేదు. పిల్లలకే. కొంచెం బరువెక్కాక తల్లి మోయలేదు, రాతికి తగిలించి మేతకు పోతుంది. రెక్కలు రావడానికి నలభై రోజులు పడుతుంది. ఎనిమిదో రోజున మిరప పొగ పెడితే తల్లులు ఎగిరిపోతాయి, పిల్లలు రాలిపోతాయి.

"నలబై దినాలు పంతులూ," అన్నాడు. "గంతే. ఎగరొస్తే వాళ్లే పోతరు. నువ్వు జర అర్జీ రాయి."

అర్జీ రాయడం నాకు వచ్చిన ఒకే ఒక విద్య. నా దస్తూరీ కచేరీలో కూడా మెచ్చుకునేవారు. కానీ అర్జీ అంటే ఎవరి తరఫునో వాళ్ల హులియా రాయాలి, అంటే ఆనవాళ్లు. మర్నాడు మేమిద్దరం తలుపు దగ్గర కూర్చుని హులియా రాశాం. ఎత్తు ఎంత అని అడిగితే, నిలబడితేనా, వేలాడితేనా అన్నాడు. వేలాడితే వేలెడు, రెక్కలు విప్పితే జానెడున్నర అని రాశాను. రంగు, కొందరు బూడిద, కొందరు ఇటుక. మచ్చలు, ముక్కు మీద ఆకు ఒకటి, ఇరుపక్కలా మూడేసి మడతలు, మగవారికి నుదుటి మీద చిన్న గుంట. వృత్తి, ఊరందరి తరఫున దోమలు తినుట. పళ్లు ముట్టినవారు కారు, పళ్లు తినేవారికీ వీరికీ చుట్టరికం లేదు. కౌమ్, అంటే కులమో మతమో, అన్నచోట ఇద్దరం ఆగాం. ఈసా పైగంబర్ చేశాడంటావు కదా, కిరస్తానీ అని రాయనా అన్నాను. పైగంబర్ చేతితో చేసినోళ్లకు కౌము ఏముంటది, ఇడిసిపెట్టు అన్నాడు. వదిలిపెట్టాను.

ఇక గడువు ఎందుకు కావాలో రాయాలి. దానికి ఆయన ఆలోచించుకుని ఉన్నాడు. మా ఇండ్లల్ల చిల్లా అంటరు, మీ ఇండ్లల్ల పురుడంటరు, అన్నాడు. ఎవరి ఇంట్లోనైనా బాలింతను నలభై రోజులు గడప దాటించరు. అప్పులవాడు కూడా ఆ ఇంటి మీదికి పోడు. "సదరు కొట్టులో బాలింతలు ఉన్నారు, పసిపిల్లలు ఉన్నారు, నలభై రోజులు దయచేయవలెను" అని రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అర్జీ అడుగున ఇంకా నాలుగు వేళ్ల జాగా మిగిలింది. అది ఖాళీగా ఉంటేనే కాగితం అందంగా ఉంటుందని వదిలేశాను.

అర్జీ వెళ్లింది, కచేరీలో ఏ కట్టలోనో పడింది, జవాబు లేదు. ఎనిమిదో రోజు పొద్దున జవాను మళ్లీ వచ్చాడు, ఒక చేతిలో నిప్పుల కుండ, భుజాన మిరపకాయల సంచి. చిచ్చా రాత్రే వెళ్లి వేపమండలు కోసుకొచ్చి తలుపుకు అటూ ఇటూ కట్టాడు. వేపమండలు కట్టిన పురిటి ఇంటి గడప మన జిల్లాలో ఎవరూ తొక్కరు, కచేరీ అయినా సరే. జవాను అక్కడే ఆగి, ఎవరు బాలింత అని అడిగాడు.

"ఒక్కరా, ఇద్దరా," అన్నాడు చిచ్చా. "నూరుకు తక్కువ లేరు."

జవాను కుండ కింద పెట్టి, ఆ వయసు మనిషిని, ఆ ముక్కును, ఆ తలుపును చూశాడు. తరువాత వాడు దిగిన వేగం చూస్తే లావు మనిషి అనుకోవడానికి లేదు. మిరపకాయల సంచి కూడా మరిచిపోయాడు. సాయంత్రానికి ఊళ్లో కథ పాకింది. ఖిల్లా చిచ్చా కొండ మీద నూరుమందిని పెట్టుకున్నాడని, అందరూ ఒకేసారి కన్నారని, అందుకే ఇన్నేళ్లూ పగలంతా పడుకునేవాడని. నమ్మినవాళ్లు తక్కువే, చెప్పుకున్నవాళ్లు ఎక్కువ. మసీదులో పెద్దలు ఆయన్ను పిలిచి అడిగారు. ఆయన నిజం చెబితే, ఈ గబ్బిలాల పురుడుకంటే ఆ పుకారే నయం అన్నారట ఒకరిద్దరు.

కచేరీలో మాత్రం ఎవరూ నవ్వలేదు. జవాను చెప్పిన మాట రాసుకున్నారు, నా అర్జీ వెతికి తీశారు, రెండింట్లోనూ బాలింతలు అనే ఉంది. రెండు కాగితాలు ఒకే మాట చెబితే కచేరీ దృష్టిలో అది నిజమే. హులియా చదివినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేదు. విచారణకు మంత్రసానిని పంపాలని హుకుం అయింది.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన ముసలావిడ ఆ మంత్రసాని. అందరూ అవ్వ అనేవారు. గొంతు పెద్దది, కోపం పెద్దది. మూడొందల మెట్లు తిట్టుకుంటూ ఎక్కింది. తలుపు దగ్గర చిచ్చా, నేను, వెనక దూరంగా జవాను. గాజులు ఇనుమా కాదా అని చిచ్చాకు అనుమానం వచ్చింది. గాజు గాజులే. బొడ్డు కోసే కొడవలి మాత్రం తట్టలో పెట్టించాడు. ఆమె లోపలికి వెళ్లింది. ఆయన పళ్లెం పట్టి గోడ మీద వెలుగు వేశాడు.

ఆమె తిట్టుకుంటూ బయటికి వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. తలుపులోంచి నాకూ కనపడుతోంది. ప్రతి తల్లి పొట్టనూ ఒక పిల్ల కరుచుకుని ఉంది, వెంట్రుక లేని ఒళ్లు, మూసిన కళ్లు. తల్లి తలకిందులుగా వేలాడుతుంటే పిల్ల దాన్ని తిరగేసి పట్టుకుంది, అంటే తల పైకి, కాళ్లు కిందికి. ఆ గుహ మొత్తంలో మనుషుల్లా సరిగ్గా ఉన్నది ఆ పసిపిల్లలే. ఒక తల్లి రెక్క కొంచెం తెరిచి పిల్లను నాకి, మళ్లీ మూసింది. అవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బయటికి వచ్చి నేల మీద కూర్చుంది. జవాను దూరం నుంచే, ఎవరైనా ఉన్నారా లేదా అని అడిగాడు.

"బాలింతలే," అంది అవ్వ. "అందరు. తల్లులు, పిల్లలు మంచిగున్నరు. నా చేతులకెల్లి గిన్ని పురుళ్లు పోయినయి, అబద్ధమాడ. ఏడ ముద్ర ఎయ్యాలె?"

నేను కాగితం పెట్టాను. వేలు గట్టిగా నొక్కింది. నలభై రోజుల గడువు మంజూరు అయింది.

ఆ నలభై రోజులు నేను చూసిన చిచ్చా వేరే మనిషి. పురిటి ఇంటి పెద్ద ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. కొండెక్కిన పశువుల కాపరులను ఈలలు వేయొద్దని బతిమాలేవాడు. అవ్వ వారానికోసారి వచ్చి చూసి పోయేది. వచ్చినప్పుడల్లా బాలింతలకని కాయం ఉండలు చేసి తెచ్చేది. వద్దంటే ఆమెకు కోపం. పిట్టలు తినవు కనుక, పారేస్తే పాపం కనుక, శొంఠి, మిరియాలు, బెల్లం వేసిన ఆ ఉండలన్నీ ఆయనే తిన్నాడు. నెల తిరిగేసరికి బాగా ఒళ్లు చేశాడు. ఇంకా ఎన్ని రోజులు అని రోజూ నన్ను అడిగేవాడు, నేను నల్లబల్ల చెక్క మీద గీతలు గీసి చూపించేవాణ్ణి. పిల్లలకు బొచ్చు వచ్చింది, కళ్లు తెరిచాయి, ఒకరోజు ఒకటి కప్పు నుంచి రాలి ఆయన గొడుగు మీద పడి, మళ్లీ గోడ పట్టుకుని పాకింది. ఆరోజు ఆయన ఊళ్లో నలుగురికి చాయ్ తాగించాడు. ఎందుకో చెప్పలేదు.

నలభయ్యో రోజు సాయంత్రం తహసీల్దారు స్వయంగా వచ్చాడు. మెట్లెక్కి పైకి చేరి, ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగి మెట్లు చూసి, బస్తాలు ఎవరు మోస్తారని మొదటిసారి అడిగాడు. జవాను ఆకాశం చూశాడు. కానీ హుకుం అయిపోయింది, గవాక్షానికి వేయడానికి జాలీ, తాళం వచ్చేశాయి. గడువు ముగిసిందని సాక్షి కావాలి కనుక అవ్వను కూడా పిలిపించారు. చిచ్చా తన మంచం, రేకు పెట్టె, చాప, కుండ పొద్దునే బయట పెట్టేశాడు. అవి గోడ పక్కన ఉన్నాయి. నేను చూశాను, చూసి ఏమీ అనుకోలేదు.

కింద అజాను వినపడింది. గవాక్షంలోంచి మొదటిది వచ్చింది, దాని వెనక మరొకటి. తరువాత పిల్లలు మొదలయ్యాయి. వాటికి ఇంకా వంపులు తెలియవు, గోడకు తగులుతున్నాయి, మా మోకాళ్లను రాసుకుంటూ పోతున్నాయి. ఒకటి తహసీల్దారు టోపీ మీద వాలి, రెక్కలు సర్దుకుని, మళ్లీ ఎగిరింది.

"కొత్తది హుజూర్," అన్నాడు చిచ్చా. "మాఫ్ జెయ్యుండ్రి."

తహసీల్దారు మంచివాడే. టోపీ తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి గవాక్షంలోంచి ఏమీ రాలేదు. చిచ్చా చెప్పులు విప్పి, దీపం లేకుండా, ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఆ చీకట్లో ఏం చూస్తాడని జవాను అడిగితే, చూడడు, వింటాడు, అని చెప్పాను. ఏదైనా మిగిలిందేమో, ఊపిరి చప్పుడు వినడానికి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చి, ఎవరూ లేరు హుజూర్ అన్నాడు. జవాను జాలీ కొట్టాడు, తలుపుకు తాళం వేశాడు.

కాగితం నేనే రాశాను. కొట్టు ఖాళీ అయినది, ఖాళీ చేసినవారి సంతకం అని. ఎవరు పెడతారయ్యా అని తహసీల్దారు నవ్వాడు. చిచ్చా ముందుకు వచ్చి, సిరాలో బొటనవేలు ముంచి, వేలిముద్ర వేశాడు. పిట్టల తరఫున వేశాడని అందరం నవ్వాం. అప్పుడు తహసీల్దారు మాటవరసకు, నువ్వెక్కడ ఉంటావు ఇక అని ఉర్దూలో అడిగాడు. ఆయన మాకందరికీ తెలిసేలా తెలుగులో జవాబు చెప్పాడు.

"నాకు గడువేంది హుజూర్, నేనేమన్న బాలింతనా?"

మళ్లీ నవ్వాం. జవాను కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు, నేనూ అంతే నవ్వాను. కచేరీ వెనక గది ఒకటి ఏళ్లుగా ఖాళీగా ఉందని, అడిగి ఉంటే ఆ ముసలాయనకు ఇచ్చేవాణ్ణేనని ఆ తరువాత వారానికి తహసీల్దారు నాతో అన్నాడు. అర్జీ రాసింది నేను. ఒక్క వాక్యం పట్టే జాగా ఉండగా రాయనివాణ్ణి కూడా నేనే. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

అవ్వ ఒక్కతే నవ్వలేదు. చిచ్చా పెట్టె నెత్తిన పెట్టుకుని మంచం ఒక కొస ఎత్తాడు. అవ్వ కొంగు నడుముకు దోపి రెండో కొస ఎత్తింది. ఇద్దరు ముసలివాళ్లు ఆ మెట్ల మీద మంచాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ దిగడం నాకు చాలా దూరం కనపడింది. ఇరవై అయిదేళ్లవాణ్ణి, రెండు చేతులూ ఉన్నవాణ్ణి, నేను పైనే నిలబడి సిరా ఆరిందా లేదా అని కాగితం చూసుకుంటున్నాను.